ఆపడం తెలిసిన స్టార్టర్: ముండ్లమూరు మెట్ట ప్రాంత బోరుబావులకు ఎలక్ట్రానిక్ నియంత్రణ వలయాలు

ప్రకాశం జిల్లాలో దర్శి, అద్దంకి పట్టణాల నడుమ ఉన్న ముండ్లమూరు మండలంలో సాగునీటికి రెండు ముఖాలున్నాయి. కొంత ఆయకట్టుకు నాగార్జునసాగర్ కుడికాలువ నీరు అందుతుంది. కాలువ ఎక్కని మెట్టపొలాలు వానపైన, బోరుబావులపైన ఆధారపడతాయి. ఉమ్మడి ప్రకాశం జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 870 మి.మీ. ఇక్కడి నుంచి పడమరగా పొదిలి, మార్కాపురం, గిద్దలూరు వైపు వెళ్లేకొద్దీ కాలువ ఆసరా తగ్గి, గట్టిరాతి నేలలోని బోరుబావే ప్రధాన ఆధారమవుతుంది. ఇటువంటి నేలలో భూగర్భజలం ఇసుక పొరలో వలె పరచుకొని ఉండదు. పైనున్న శిథిల శిలాపొరలోను, దాని కింది రాతి పగుళ్లలోను కొద్దికొద్దిగా నిలువ ఉంటుంది. తోడితే మట్టం త్వరగా దిగిపోతుంది, ఊరడానికి సమయం పడుతుంది.

ఈ పరిస్థితిలో రైతు పొలం గట్టున రేకు డబ్బాలో ఉండే స్టార్టరు చిన్న పరికరం కాదు. మూడు ఫేజుల విద్యుత్తు సక్రమంగా ఉన్నదా, బోరులో నీరున్నదా, నేలకు తడి అవసరమా అన్న మూడు ప్రశ్నలకు సమాధానం అక్కడే దొరకాలి. నేడు అధిక శాతం స్టార్టర్లు ఈ మూడింటిలో ఒక్కదానికే స్పందిస్తున్నాయి: కరెంటు వచ్చిందా, లేదా? మిగిలిన రెండు ప్రశ్నలను విస్మరించిన ఫలితం మోటారు కాలిపోవడం. సబ్‌మెర్సిబుల్ మోటారు కాలితే దానిని పైపులతో సహా పైకి తీయాలి, వైండింగ్ షాపుకు పంపాలి, మళ్లీ దించాలి. మిరప పూత మీద ఉన్నప్పుడో, బత్తాయి పిందె కట్టే వేళనో ఈ పని నాలుగు రోజులు సాగితే జరిగే నష్టం మరమ్మతు ఖర్చుతో ముగియదు.

ఈ సమస్యకు ఎలక్ట్రానిక్స్‌లో పరిష్కారాలు కొత్తవి కావు, ఖరీదైనవీ కావు. అయితే వాటి రూపకల్పనలో ఒక మూలసూత్రాన్ని మరువరాదు. మోటారును నడిపించడం సులభం. ఎప్పుడు నడపకూడదో తెలుసుకొని ఆపడమే నియంత్రణ వలయం చేయవలసిన అసలు పని.

పాత స్టార్టరులోని తెలివి

సాధారణ డైరెక్ట్ ఆన్‌లైన్ స్టార్టరులో పచ్చ బటన్ నొక్కగానే కాంటాక్టరు కాయిల్‌కు విద్యుత్తు అంది, అయస్కాంతశక్తితో మూడు ప్రధాన కాంటాక్టులు మూసుకుంటాయి. వాటితోపాటు ఒక చిన్న సహాయక కాంటాక్టు కూడా మూసుకొని, బటన్ వదిలిన తరువాత కూడా కాయిల్‌కు విద్యుత్తు అందేలా చూస్తుంది. కరెంటు పోతే కాయిల్ వదిలేస్తుంది, సహాయక కాంటాక్టు తెరుచుకుంటుంది. తిరిగి కరెంటు వచ్చినా, మనిషి వచ్చి బటన్ నొక్కేదాకా మోటారు కదలదు. దీనిని నో వోల్ట్ రక్షణ అంటారు.

ఎలక్ట్రానిక్స్ విద్యార్థి దృష్టిలో ఇది ఒక్క బిట్ జ్ఞాపకశక్తి గల వలయం. ‘నడుపు’ అన్న ఆజ్ఞను విద్యుత్తు ఉన్నంతసేపే గుర్తుంచుకుంటుంది. విద్యుత్తు పోయిన తరువాత పరిస్థితి మారి ఉండవచ్చు. ఫేజు తెగి ఉండవచ్చు, ఎవరైనా మోటారు వద్ద పని చేస్తూ ఉండవచ్చు. అందువల్ల పాత ఆజ్ఞను మరచిపోవడమే క్షేమమని ఈ రూపకల్పన భావిస్తుంది.

అయితే కరెంటు వేళలు రైతు వేళలతో కలవని రోజులలో ఈ క్షేమం భారమైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు అమలులోకి వచ్చింది. సరఫరా మాత్రం విడతలుగా, తరచు అర్ధరాత్రి వేళ ఉండేది. చీకటిలో పాములకు, తడి స్విచ్చులకు భయపడి పొలానికి వెళ్లలేని రైతు ఆటో స్టార్టరును ఆశ్రయించాడు. కరెంటు రాగానే అది తనంతట తాను మోటారును నడిపిస్తుంది. రైతు కష్టం తీర్చిన ఈ పరికరాన్ని తప్పుపట్టడం న్యాయం కాదు. నో వోల్ట్ రక్షణను తొలగించి, దాని స్థానంలో మరో రక్షణను చేర్చకపోవడమే ఆ వలయంలోని లోపం.

అందరి మోటార్లు ఒక్కసారే

లోపం మొదట ట్రాన్స్‌ఫార్మరు వద్ద బయటపడుతుంది. 25 కిలోవోల్ట్ ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మరు పూర్తిభారం వద్ద ఒక్కొక్క ఫేజులో ఇవ్వగలిగిన కరెంటు సుమారు 33 ఆంపియర్లు. 5 హెచ్.పి. మోటారు నడిచేటప్పుడు సుమారు 7.5 నుంచి 8 ఆంపియర్లు తీసుకుంటుంది. నాలుగు మోటార్లు నడిస్తే ట్రాన్స్‌ఫార్మరు తన పరిమితిలో ఉంటుంది. కానీ నేరుగా మొదలయ్యే మోటారు ప్రారంభంలో దాదాపు ఆరు రెట్లు కరెంటు లాగుతుంది. నాలుగు ఆటో స్టార్టర్లూ ఒకే క్షణంలో పని చేస్తే ఆ లెక్క 180 ఆంపియర్లు దాటుతుంది. వోల్టేజి కుంగుతుంది. మోటారు తిప్పుబలం వోల్టేజి వర్గానికి అనుపాతంలో ఉంటుంది గనుక, వోల్టేజి 80 శాతానికి పడితే తిప్పుబలం 64 శాతానికి పడిపోతుంది. మోటార్లు వేగం అందుకోలేక ఎక్కువసేపు అధిక కరెంటు లాగుతూనే ఉంటాయి. ఫ్యూజులు పోవడం, ట్రాన్స్‌ఫార్మర్లు కాలడం ఇలా మొదలవుతాయి. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల సరఫరా ప్రారంభించినప్పుడు, ఆటో స్టార్టర్లను తొలగించాలని అక్కడి ప్రభుత్వం రైతులను కోరడానికి ఈ ఏకకాల భారంతోపాటు భూగర్భజలాల చింత కూడా కారణం.

దీనికి అతి చౌకైన పరిష్కారం జాప్యం. 555 టైమర్ చిప్‌ను హాన్స్ కామెన్‌జిండ్ 1971లో రూపొందించగా, సిగ్నెటిక్స్ సంస్థ 1972లో విపణిలోకి తెచ్చింది. అర్ధశతాబ్ది దాటినా ప్రతి ఎలక్ట్రానిక్ దుకాణంలోను అది దొరుకుతుంది. ఒక నిరోధకం, ఒక కెపాసిటరు కలిపితే అది ఇచ్చే జాప్యం వాటి విలువల లబ్ధానికి 1.1 రెట్లు. 470 కిలో ఓమ్‌లు, 100 మైక్రోఫారడ్లు వాడితే దాదాపు 52 సెకన్లు వస్తుంది. ఒక ట్రాన్స్‌ఫార్మరు కింద ఉన్న నలుగురు రైతుల స్టార్టర్లలో 30, 60, 90, 120 సెకన్ల చొప్పున వేర్వేరు జాప్యాలు అమరిస్తే మోటార్లు వరుసగా ఒకదాని వెనుక ఒకటి మొదలవుతాయి. ఇక్కడ వలయం కంటే ముందు కుదరవలసింది నలుగురు రైతుల మధ్య ఒప్పందం. దానిని కుదర్చడం విస్తరణ శాస్త్రవేత్త పని.

ఫేజులను గమనించడం

రెండో ప్రమాదం అసమతుల్య సరఫరా. మూడు ఫేజుల మధ్య వోల్టేజిలు 415, 400, 385గా ఉన్నాయనుకుందాం. సగటు 400, గరిష్ఠ తేడా 15, అంటే అసమతుల్యత 3.75 శాతం. మోటారు ఉష్ణోగ్రత పెరుగుదలలో కలిగే అదనపు శాతం, ఈ అసమతుల్యత వర్గానికి సుమారు రెండు రెట్లు ఉంటుందని ఇంజనీర్ల వాడుక సూత్రం. ఆ ప్రకారం వైండింగ్ వేడి పెరుగుదల 28 శాతం హెచ్చుతుంది. మీటరులో చిన్నదిగా కనిపించే తేడా వైండింగ్ ఇన్సులేషన్ ఆయుష్షును ఇలా హరిస్తుంది.

ఒక ఫేజు పూర్తిగా పోతే పరిస్థితి మరింత విషమం. నడుస్తున్న మోటారు ఆగదు. మిగిలిన రెండు తీగలలో కరెంటు సుమారు 1.73 రెట్లకు పెరుగుతుంది. దీని నివారణకు అమర్చే సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్లలో రెండు రకాలున్నాయి. మొదటిది వోల్టేజిని, రెండోది కరెంటును గమనిస్తుంది. విద్యార్థులు ఇక్కడ ఒక మెలికను గుర్తించాలి. తిరుగుతున్న మోటారు, తెగిన ఫేజు తీగలో తానే కొంత వోల్టేజిని పుట్టిస్తుంది. కేవలం వోల్టేజి ఉన్నదా లేదా అని చూసే వలయం ఆ వోల్టేజిని చూసి ఫేజు ఉన్నదనే భ్రమపడవచ్చు. తీగ తెగిన చోటు సెన్సరుకు పైనా, కిందా అన్నదానిని బట్టి కూడా ఫలితం మారుతుంది. మోటారు తీగలలోని కరెంటును కొలిచే వలయానికి ఈ భ్రమ ఉండదు.

కరెంటును కొలవడానికి చిన్న కరెంట్ ట్రాన్స్‌ఫార్మరు చాలు. 1000:1 నిష్పత్తి గలదానిలోంచి మోటారు తీగను పోనిస్తే 8 ఆంపియర్లకు 8 మిల్లీ ఆంపియర్లు వస్తాయి. దానికి 100 ఓమ్‌ల నిరోధకం కలిపితే 0.8 వోల్టుల సంకేతం లభిస్తుంది. ప్రధాన తీగలో కరెంటు ప్రవహిస్తుండగా ఈ ట్రాన్స్‌ఫార్మరు ద్వితీయ చుట్టను తెరిచి ఉంచితే ప్రమాదకరమైన వోల్టేజి పుడుతుంది. ప్రయోగశాలలో మొదట నేర్పవలసిన జాగ్రత్త ఇది.

నీరు లేదని తెలుసుకోవడం

సబ్‌మెర్సిబుల్ మోటారును చల్లబరిచేది చుట్టూ ఉన్న నీరే. దాని బేరింగులకు జారుడుగుణాన్ని ఇచ్చేదీ నీరే. అందువల్ల నీరు లేకుండా నడవడం దానికి అన్నింటికంటె పెద్ద శత్రువు. బోరు ఆగి ఆగి నీరు పోయడం మొదలుపెట్టిందంటే మట్టం పంపు వద్దకు దిగిందని అర్థం. గట్టున మనిషి ఉంటే ఆపుతాడు. ఆటో స్టార్టరు ఆపదు.

నీటి ఉనికిని తెలుసుకొనే అతి సరళమైన పద్ధతి నీటితోనే వలయాన్ని పూర్తిచేయడం. ఉమ్మడి రాష్ట్రంలో ప్రకాశంతో సహా ఏడు జిల్లాలలో సాగిన రైతుల స్వీయనియంత్రిత భూగర్భజల వ్యవస్థల పథకంలో రైతులే బోరుబావుల నీటిమట్టాలను కొలిచి నమోదు చేసేవారు. తీగ చివర కట్టిన ఎలక్ట్రోడ్ నీటిని తాకగానే పైనున్న పరికరం మోగడమో, దీపం వెలగడమో జరిగే మట్టసూచికలు ఈ పద్ధతిపైనే పని చేస్తాయి.

అదే సూత్రంతో స్టార్టరు నియంత్రణను రూపొందించవచ్చు. పంపు కంటె కొంత పైన ఒక ఎలక్ట్రోడ్, దానికి చాలా పైన మరొకటి, అడుగున ఉమ్మడి ఎలక్ట్రోడ్ అమర్చుతారు. నీరు పై ఎలక్ట్రోడ్‌ను తాకినప్పుడు మాత్రమే మోటారు మొదలవుతుంది; కింది ఎలక్ట్రోడ్ బయటపడినప్పుడు మాత్రమే ఆగుతుంది. నడుమ ఎక్కడున్నా వలయం తన పూర్వస్థితిలోనే కొనసాగుతుంది. ఈ ఎడమే లేకపోతే నీటి ఉపరితలం కదిలిన ప్రతిసారీ రిలే కొట్టుకొని మోటారు గంటకు పదులసార్లు ఆగి మొదలవుతుంది.

ఈ గుణాన్ని హిస్టెరిసిస్ అంటారు. స్క్విడ్ అనే సముద్రజీవి నాడులలో సంకేతాలు సాగే తీరును పరిశీలించిన అమెరికన్ శాస్త్రవేత్త ఒట్టో ష్మిట్, ఈ గుణం గల ట్రిగ్గర్ వలయాన్ని 1938లో ప్రచురించాడు. 555 చిప్‌లో ఇది సహజంగానే ఉంది. సరఫరా వోల్టేజిలో మూడో వంతు, మూడింట రెండు వంతులు దాని రెండు హద్దులు. 12 వోల్టుల సరఫరాకు అవి 4, 8 వోల్టులు.

ఎలక్ట్రోడ్ పద్ధతిలో రెండు చిక్కులున్నాయి. నీటిలోకి ఏకముఖ విద్యుత్తును పంపితే విద్యుద్విశ్లేషణ జరిగి ఎలక్ట్రోడ్లు త్వరగా తినివేయబడతాయి. అందువల్ల అల్ప వోల్టేజి గల ఏకాంతర విద్యుత్తునే వాడాలి. రెండోది, బోరు గోడల నుంచి జారే నీరు, కఠినజలంలోని లవణాల పొర ఎలక్ట్రోడ్ల నడుమ దారి కల్పించి, నీరు లేకున్నా ఉన్నట్లు చూపుతాయి. తెరచిన బావులు, సంపులు, నీటికుంటలకు ఈ పద్ధతి తగినది. ఇరుకైన, లోతైన బోరులకు మోటారు కరెంటును చదవడమే మేలు.

నీరు లేనప్పుడు పంపుపై భారం తగ్గి కరెంటు తగ్గుతుంది. అయితే మోటారు అయస్కాంతీకరణకు కొంత కరెంటు ఎప్పుడూ కావాలి గనుక, భారం బాగా తగ్గినా కరెంటు ఆ మేరకు తగ్గదు. పవర్ ఫ్యాక్టరు మాత్రం స్పష్టంగా పడిపోతుంది. కనుక కరెంటుతో పాటు, వోల్టేజికి కరెంటుకు మధ్య ఉండే కోణాన్ని కూడా చూసే వలయం నీటి లేమిని మరింత నమ్మకంగా గుర్తిస్తుంది. పంపుసెట్లకు కెపాసిటర్లు అమర్చిన చోట మరొక జాగ్రత్త అవసరం. కరెంట్ ట్రాన్స్‌ఫార్మరును కెపాసిటరుకు మోటారు వైపున ఉంచాలి. సరఫరా వైపున ఉంచితే కెపాసిటరు చేసిన సవరణతో కలిసిన కరెంటు కనిపించి కొలత తప్పుతుంది.

ఎంత కరెంటు వద్ద ఆపాలన్నది కంపెనీ కాగితంలో దొరికే సంఖ్య కాదు. ఆ బోరు వద్దనే నిండుగా నీరు పోసేటప్పుడు ఒకసారి, నీరు ఆగి ఆగి పడుతున్నప్పుడు ఒకసారి కొలిచి, ఆ రెండింటి నడుమ హద్దును నిర్ణయించాలి. గాలి బుడగ ఒకటి వచ్చినంతమాత్రాన ఆగకుండా కొన్ని సెకన్లు ఎదురుచూసి ఆపాలి. ఆపిన తరువాత బోరు ఊరడానికి పట్టే సమయం వరకు తిరిగి మొదలుకాకూడదు.

సంకేతమూ, సందడీ

2024 డిసెంబరు 21, 22, 23 తేదీలలో ముండ్లమూరు, తాళ్లూరు మండలాలలో భూమి స్వల్పంగా కంపించి ప్రజలను కలవరపెట్టింది. భూకంపలేఖినికి బండి చక్రాల అదురు, పంపుసెట్ల అదురు, భూప్రకంపన అన్నీ ఒకే తీగపై వస్తాయి. స్వల్పకాలపు సగటును దీర్ఘకాలపు సగటుతో పోల్చి, నిష్పత్తి ఒక హద్దు దాటితేనే సంఘటనగా గుర్తించడం ఆ పరికరాలలో వాడుకలో ఉన్న పద్ధతి. పొలంలోని సెన్సరుకూ ఇదే వివేకం అవసరం. ఒక్క క్షణపు విలువను నమ్మి నిర్ణయం తీసుకోరాదు. కొంతకాలపు సగటును చూడాలి, హద్దు దాటిన స్థితి నిలిచి ఉన్నదో లేదో చూడాలి.

సందడిలో ఎక్కువ భాగం స్టార్టరు లోపలే పుడుతుంది. నియంత్రణ వలయం మోటారును నేరుగా నడపదు. ట్రాన్సిస్టరు చిన్న రిలేను, రిలే కాంటాక్టరు కాయిల్‌ను, కాంటాక్టరు మోటారును నడుపుతాయి. 12 వోల్టుల రిలే కాయిల్ నిరోధం 400 ఓమ్‌లైతే దానికి 30 మిల్లీ ఆంపియర్లు కావాలి. ట్రాన్సిస్టరు గుణకం 100 అయినా, సరిగ్గా 0.3 మిల్లీ ఆంపియర్ల బేస్ కరెంటుతో సరిపెట్టకూడదు. స్విచ్‌గా పూర్తిగా మూసుకొనేందుకు పది రెట్లు, అంటే 3 మిల్లీ ఆంపియర్లు ఇవ్వాలి. 5 వోల్టుల సంకేతం నుంచి అయితే దానికి గరిష్ఠంగా సుమారు 1.43 కిలో ఓమ్‌ల నిరోధకం కావాలి. అంగడిలో దొరికే 1.2 కిలో ఓమ్‌లది సరిపోతుంది. రిలే కాయిల్‌కు అడ్డంగా వ్యతిరేక దిశలో ఒక డయోడ్ లేకపోతే, రిలే వదిలిన ప్రతిసారీ కాయిల్ పుట్టించే అధిక వోల్టేజి ట్రాన్సిస్టరును దెబ్బతీస్తుంది. ఒక చిన్న డయోడ్‌ను వదిలేసిన కారణంగా మొత్తం బోర్డు పనికిరాకుండా పోవచ్చు.

415 వోల్టుల వైపునకు, 5 వోల్టుల వైపునకు మధ్య రాగి తీగ సంబంధం ఉండరాదు. ఆప్టోకప్లర్ సంకేతాన్ని కాంతి రూపంలో దాటిస్తుంది. కాంటాక్టరు కాయిల్‌కు అడ్డంగా నిరోధకం, కెపాసిటరు జతను. సరఫరా తీగల వద్ద పిడుగుపాటు ఉప్పెనలను మింగే వారిస్టరును అమర్చడం తప్పనిసరి.

నేల తడిని చదవడం

నేలలో తేమను కొలిచే రెండు పలకల చౌక సెన్సర్లు విద్యార్థుల ప్రాజెక్టులలో తరచు కనిపిస్తాయి. ఇవి నేల విద్యుత్ నిరోధాన్ని కొలుస్తాయి. నేలలోని లవణాలు, వేసిన ఎరువు నిరోధాన్ని మార్చివేస్తాయి, పలకలు తుప్పుపడతాయి. ప్రదర్శనకు సరిపోయే ఈ సెన్సరు ఒక పంటకాలం నిలవదు. కెపాసిటెన్స్ సెన్సరు వేరు. నీటి డైఎలెక్ట్రిక్ స్థిరాంకం సుమారు 80, పొడి నేలది 3 నుంచి 5 మాత్రమే కావడం వల్ల తేమలో వచ్చే మార్పు స్పష్టమైన సంకేతంగా మారుతుంది. కోయంబత్తూరులోని చెరకు ప్రజనన సంస్థ రూపొందించిన తేమ సూచిక రంగు దీపాలతో నేల స్థితిని చూపుతుంది. సంఖ్యలు చదవనవసరం లేని ఈ రూపకల్పన విస్తరణ దృష్టితో గమనించదగినది.

ఎర్రనేలలో సరిచూసిన సెన్సరును నల్లరేగడిలో పాతితే తప్పుడు అంకె చెబుతుంది. నల్లరేగడి ఎండి పగుళ్లిచ్చినప్పుడు సెన్సరుకు, మట్టికి మధ్య గాలి చేరి, వేళ్ల వద్ద తడి ఉన్నా పొడిగా చూపుతుంది. ఈ రెండు నేలలూ కనిపించే ప్రకాశం జిల్లాలో ప్రతి నేలకూ విడిగా క్రమాంకనం చేయకుండా సెన్సర్లను సిఫారసు చేయడం తగదు.

పొలం మధ్యలోని సెన్సరు నుంచి స్టార్టరు వరకు వందల అడుగుల తీగ ఉంటుంది. దాని మీదుగా వోల్టేజి రూపంలో సంకేతం పంపితే దారిలో కొంత తరిగిపోతుంది, సందడి చేరుతుంది. అందుకే పరిశ్రమలలో 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల కరెంటు రూపంలో సంకేతం పంపుతారు. 250 ఓమ్‌ల నిరోధకం మీద అది 1 నుంచి 5 వోల్టులవుతుంది. కనిష్ఠ విలువను సున్నా వద్ద కాక 4 వద్ద ఉంచడంలో పెద్ద మేలుంది. సున్నా కనిపించిందంటే నేల పొడిగా ఉందని కాదు, తీగ తెగిందని అర్థం. నాగలి తగిలో, ఎలుక కొరికో తీగ తెగడం పొలంలో మామూలే. తెగిన తీగను ‘పొడి నేల’గా అర్థం చేసుకొనే వలయం రాత్రంతా నీరు పెడుతూనే ఉంటుంది.

చేతిలో ఫోను, గట్టున మోటారు

మొబైల్ ఫోను ద్వారా మోటారును నడిపే పరికరాలు దాదాపు రెండు దశాబ్దాలుగా రైతులకు అందుబాటులో ఉన్నాయి. పుణేకు చెందిన సంతోష్ ఓస్త్వాల్ రూపొందించిన నానో గణేశ్, బెంగళూరులోని విన్‌ఫినెట్ టెక్నాలజీస్ వారి కిసాన్ రాజా వీటిలో ముందు వచ్చినవి. రాత్రివేళ పొలానికి నడిచే శ్రమను, ప్రమాదాన్ని ఇవి తగ్గించాయి. ఇంటి బాధ్యతలతోపాటు సాగు చూసుకొనే మహిళలకు, పొలం దూరంగా ఉన్నవారికి ఇవి నిజమైన ఆసరా.

అయితే సంకేతం అందదు, లేదా ఆలస్యంగా అందుతుంది అన్న ఊహతోనే ఇటువంటి వలయాన్ని రూపొందించాలి. ‘ఆపు’ అన్న సందేశం చేరకపోతే మోటారు నడుస్తూనే ఉండకూడదు. ప్రతి ‘నడుపు’ ఆజ్ఞతోనూ గరిష్ఠ సమయం జతపడి ఉండాలి. తిరిగి వచ్చే సమాచారం ‘ఆజ్ఞ అందింది’ అని కాక, ‘కరెంటు ప్రవహిస్తోంది’ అని చెప్పాలి. రిలే మూసుకున్నంత మాత్రాన మోటారు తిరిగినట్లు కాదు.

మరొకటి ప్రాణానికి సంబంధించినది. పొలంలో ఒకరు మోటారు తీగలు విప్పుతుండగా, ఇంటి నుంచి మరొకరు ఫోనులో బటన్ నొక్కవచ్చు. ఆటో స్టార్టరుకూ ఈ ప్రమాదం ఉంది. కనుక పెట్టె వద్ద తాళం వేయగల ప్రధాన స్విచ్ ఒకటి ఉండి, అది తెరిచి ఉన్నంతవరకు ఏ ఎలక్ట్రానిక్ ఆజ్ఞా మోటారును చేరని విధంగా వైరింగ్ ఉండాలి. రిలే ఆగి ఉండటం భద్రత కాదు. దాని కాంటాక్టులు అతుక్కుపోయి ఉండవచ్చు. పెట్టెకు, మోటారుకు భారతీయ ప్రమాణం 3043 ప్రకారం ఎర్తింగ్ లేకుండా ఏ సెన్సరు గురించి మాట్లాడటమూ అనవసరం.

మోటారు బతికితే నీరు మిగులుతుందా?

పై వలయాలన్నీ సక్రమంగా పనిచేస్తే మోటారు కాలదు. కానీ ఇక్కడొక వైరుధ్యం ఎదురవుతుంది. నీరు ఊరగానే మోటారును మొదలుపెట్టి, తగ్గగానే ఆపే వలయం, బోరులోకి ఊరే ప్రతి చుక్కనూ తోడగలదు. మనిషి అలసిపోయి వదిలేసే నీటిని కూడా అది వదలదు. ఒకే పగులు నుంచి నీరు తీసుకొనే పక్క బోరు రైతుకు ఇది నష్టం. మోటారును కాపాడే రూపకల్పన నీటిని కాపాడినట్లు కాదు.

ఈ కారణంగా నియంత్రణ వలయంలో నాలుగో ప్రశ్నకు చోటు కల్పించాలి: ఈ రోజుకు ఇక చాలా? దానికి లెక్క కష్టమేమీ కాదు. సెకనుకు 2 లీటర్లు పోసే బోరు 6 గంటలు నడిస్తే 43,200 లీటర్లు వస్తాయి. అది ఒక ఎకరంపై దాదాపు 10.7 మి.మీ. నీటిమందం. పంటకు రోజుకు 5 మి.మీ. అవసరమనుకుంటే ఎకరానికి 20,235 లీటర్లు చాలు. బిందుసేద్యపు సామర్థ్యం 90 శాతంగా తీసుకుంటే ఆ బోరు 3 గంటల 7 నిమిషాలు నడిస్తే సరిపోతుంది. 9 గంటలు విద్యుత్తు అందుతున్నా, ఎకరానికి అవసరమైనది అందులో మూడో వంతే. రోజువారీ నడిచిన సమయాన్ని కూడి, నిర్ణయించిన పరిమితి వద్ద మోటారును ఆపే టైమరు, సాధారణ మైక్రోకంట్రోలరులో కొద్ది వరుసల ప్రోగ్రాముతో సాధ్యమవుతుంది.

ఆ పరిమితిని నిర్ణయించేది చిప్ కాదు. పైన పేర్కొన్న భూగర్భజల పథకంలో రైతులు వాననీటిని, బోరుమట్టాలను కొలిచి, రబీకి ముందు ఊరంతా కూర్చొని పంటల నీటి బడ్జెట్ వేసుకొనేవారు. ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, వృక్ష సంరక్షణ చట్టం 2002లో వచ్చినా, చట్టం తవ్వకాన్ని నియంత్రించగలదు గాని రోజూ ఎన్ని గంటలు తోడాలో పొలం గట్టున నిలబడి చెప్పలేదు. రైతులు తమలో తాము కుదుర్చుకున్న బడ్జెట్ అంకెను స్టార్టరులోని టైమరులో పెట్టగలిగితే, సామాజిక ఒప్పందానికి సాంకేతిక రూపం వచ్చినట్లవుతుంది. కొలిచిన గంటలు నమోదైతే తరువాతి రబీ చర్చకు ఆధారమూ దొరుకుతుంది.

విస్తరణ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు

దర్శిలోని కృషి విజ్ఞాన కేంద్రం వంటి వేదికలలో పనిచేసే స్టార్టరు పెట్టెనే ఒక బోధన పలకగా అమర్చి, ఫేజు తీయడం, నీరు ఆపడం, తీగ తెంచడం రైతుల కళ్ల ముందే చేసి చూపవచ్చు. ఈ ప్రదర్శనకు గ్రామంలోని మోటారు మెకానిక్కులను తప్పక పిలవాలి. ప్రివెంటరు పనిచేయనప్పుడు దానిని బైపాస్ చేసి మోటారు నడిపించి వెళ్లేదీ, ఎందుకు ఆపిందో వెదికి సరిచేసేదీ వారే. రక్షణ వలయం ఆపినప్పుడు కారణాన్ని వేర్వేరు దీపాలతో చూపాలి: ఫేజు లేదు, నీరు లేదు, భారం ఎక్కువ, సమయం పూర్తయింది. కారణం తెలియకుండా ఆపే పెట్టెను రైతు నమ్మడు. నమ్మని పెట్టె బైపాస్ అవుతుంది.

వ్యవసాయ ఇంజనీరింగ్ విద్యార్థులు తమ ప్రాజెక్టును మోటారు నడిచిందా అన్న ప్రశ్నతో ముగించకూడదు. సెన్సరు తీగలను ఒక్కొక్కటిగా తెంచి చూడాలి, షార్టు చేసి చూడాలి. ఒక్కొక్క ఫేజును తీసి చూడాలి. నడుస్తుండగా సరఫరా తీసి, రెండు సెకన్లలో తిరిగి ఇచ్చి చూడాలి. ఏప్రిల్, మే నెలల ఎండలో రేకు పెట్టె లోపలి వేడికి హద్దులు ఎంత జరుగుతాయో కొలవాలి. ఈ పరీక్షలలో ప్రతిసారీ మోటారు ఆగిన స్థితికే చేరితే ఆ వలయం పొలానికి వెళ్లడానికి అర్హమైనది. ఒక్క పరీక్షలోనైనా ఆగకుండా నడిస్తే, దానిని తిరిగి బల్ల మీదకు తేవాలి.

ముండ్లమూరు మెట్టలో బోరు వేసిన రైతుకు నీరు ఎంత దొరుకుతుందన్నది రాతిలోని పగుళ్లు, ఆ ఏటి వాన నిర్ణయిస్తాయి. దొరికిన నీటితో పంట పూర్తయ్యేదాకా మోటారును, బోరును నిలబెట్టుకోవడం మాత్రం కొంతవరకు మనుషుల చేతిలో ఉంది. కొన్ని వందల రూపాయల విడిభాగాలు, బోరు వద్ద నిలబడి తీసిన రెండు కొలతలు, నలుగురు రైతుల మధ్య కుదిరిన ఒక వరుస అందుకు చాలు.